నీళ్ళు చూడని సిగిడి

కబాబులు కాల్చే ఇనుప పొయ్యి, సిగిడి, ఇల్లు దాటిపోయిన రోజు అమీరున్నీసా లోపలి గదిలో పరదా వెనక కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. వాకిట్లో బండల మీద ఇనుము గీసుకుపోతున్న చప్పుడు వినిపించింది. నాలుగు కాళ్ళలో మూడు బరబరా గీస్తాయి, నాలుగోది కీచుమంటుంది. ఆ చప్పుడు ఆమెకు కొత్త కాదు. రోజూ సాయంత్రం ఇంటి ముందు కబాబుల బండి పెట్టే వేళకు వచ్చేదే. మొగుడు అబ్దుల్ ఖాదర్ ఉన్నన్నాళ్ళు ఆయన లాగేవాడు. ఆయన పోయాక ఆయన తమ్ముడు ఖాజా మియా లాగుతున్నాడు. కాని ఇప్పుడు పొద్దింకా నడినెత్తికి కూడా రాలేదు.

తర్వాత నలుగురైదుగురు మగవాళ్ళు ఊపిరి బిగబట్టి ఎత్తుతున్న అలికిడి. వాకిట్లో ఆగిన తోపుడుబండి పలకల మీద దబ్బుమన్న చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

మొగుడు పోయాక ఇద్దత్ గడువులో ఉన్న ఆడది గడప దాటదు. పరాయి మగవాడి కంట పడదు. ఆ లెక్కకు మరిది కూడా పరాయివాడే. అమీరున్నీసా పరదా దగ్గరి దాకా వచ్చి ఆగింది.

"ఖాజా, సిగిడి ఎటు పోతున్నది?"

"పాతది పోతున్నది భాబీ. కొత్తది వస్తది." గొంతులో హుషారు ఉంది. "స్టీల్‌ది. మెరుస్తది."

"ఎవర్ని అడిగి ఇచ్చినవ్?"

"అన్న లేడు గద భాబీ. ఇంకెవర్ని అడగాలె?"

ఆమె వెనక్కి వచ్చి చాట ముందు కూర్చుంది. ఏరి పక్కన పెట్టిన రాళ్ళన్నీ లేచిన తొందరలో చెంగు తగిలి మళ్ళీ బియ్యంలో కలిసిపోయాయి. మొదటి నుంచి ఏరింది.

ఆ సిగిడి సంగతి కొంచెం చెప్పాలి. వనపర్తిలో గ్యాస్ బండలు కొత్తగా కనబడుతున్న రోజుల్లో ఖాదర్‌కు బొగ్గుల పొగతో దగ్గు పట్టుకుంది. పొగ మానుకొమ్మని దవాఖానలో చెప్పారు. కబాబులు మానడం కంటే బొగ్గులు మానడం నయమనుకుని ఆయన గోపాల్‌పేటలో కమ్మరి వీరయ్య కొలిమికి వెళ్ళాడు. ఎడ్లబండ్లకు రబ్బరు చక్రాలు వస్తున్న కాలమది. కర్ర చక్రాలకు తొడిగిన ఇనుప కట్లు వీరయ్య కొలిమి పక్కన గుట్టగా పడి ఉండేవి. వాటిని కాల్చి, సాగగొట్టి, కబాబులు గుచ్చే సీకులు ఆనే పట్టాలు చేయించాడు ఖాదర్. మూతపడ్డ నూనె గిర్నీ నుంచి మందపాటి రేకు తెచ్చి డొక్క చేయించాడు. అదే గిర్నీలో దొరికిన మూడు బీడు ఇనుప గొట్టాలకు చిల్లులు వేయించి గ్యాస్ మండేలా అమర్చాడు. బొగ్గులు పోయినా బొగ్గుల కాలం నాటి పేరే నిలిచింది. అందరికీ అది సిగిడే.

చిల్లులు పైకి పెట్టనివ్వలేదు ఖాదర్. పక్కలకు పెట్టించాడు. పైకి ఉంటే కారే కొవ్వు వాటిలోనే దిగి గడ్డకడుతుందన్నాడు. ఒక్కో గొట్టం మీద గుడిసె కప్పులా వంచిన ఇనుప బద్ద. కొవ్వు చుక్క ఆ కప్పు మీద పడి, అక్కడే పొగై, మళ్ళీ ముక్కకే అంటేది. పట్టాలు వెనక ఎత్తుగా, ముందు వాలుగా ఉండేవి. మిగిలిన కొవ్వు వాలు మీదుగా ముందున్న కాలువలోకి జారిపోయేది. అగ్గిపుల్ల గీసి పక్క రంధ్రంలోంచి అంటించాలి. కాగడానికి బాగా సేపు పట్టేది. కాగిందంటే ఎన్ని పచ్చి సీకులు పెట్టినా దాని వేడి జావగారేది కాదు.

"దీనికి నీళ్ళు చూపియ్యొద్దు" అనేవాడు ఖాదర్. వాళ్ళ బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు. కడిగిన గిన్నె ఎండితే తెల్లగా పొర కట్టేది. అందుకని బేరం అయిపోయాక మంట కాసేపు అలాగే ఉంచేవారు. అంటుకున్నదంతా మసై రాలేది. తీగల బురుసుతో దులిపి, ఇనుము వేడిగా ఉండగానే పట్టకారుతో చర్బీ, అంటే కొవ్వు ముక్క పట్టుకుని పట్టాల మీద రుద్దాలి. బజారులో నిలబడి కబాబులు కాల్చింది ఎప్పుడూ ఖాదరే. చర్బీ రుద్దింది మాత్రం మొదటి రోజు నుంచి అమీరున్నీసాయే.

గడువు తీరి ఆమె వాకిట్లోకి వచ్చేసరికి ఎండాకాలం. అరుగు పక్కన కొత్త సిగిడి తళతళలాడుతూ నిలబడి ఉంది. సన్నటి స్టీలు రేకు, కింద రెండు చక్రాలు, ముందర గుండ్రటి బొత్తాలు.

"అగ్గిపెట్టె అక్కర లేదు. సూడు భాబీ." ఖాజా మియా బొత్తాం తిప్పాడు. టిక్కుమంది. నీలంగా అంటుకుంది. "చిన్న పోరగాడు గూడ ఒక్క చేత్తో నూకుకపోతడు. పాతదానికి మనిషికింత నడుం విరిగేది."

అతని నడుం మాట అబద్ధం కాదు. అమీరున్నీసా వంగి లోపల చూసింది. చిల్లులు ఆకాశం వైపు చూస్తున్నాయి. వాటి మీద కప్పులేం లేవు. పట్టాల జాగాలో మెరుగు పెట్టిన సన్న తీగలు. గోటితో మీటితే సితార్‌లా మోగాయి.

"ఎట్లున్నది?"

"తొందరగ కాగుతది. అంతవరకు బాగున్నది."

"మరి?"

"నిలవదు."

ఖాజా నవ్వేశాడు. "నువ్వు అన్న లెక్కనే మాట్లాడుతున్నవ్."

ఆమె రోజూ ఖీమా నూరి, మసాలా కలిపి లోపలి నుంచి పంపేది. ఖాజా కాల్చేవాడు. రాత్రి బండి ఎత్తేముందు ఆ స్టీలును ఉప్పు, నిమ్మచెక్క పెట్టి తోమి, బోరు నీళ్ళు గుమ్మరించి కడిగేవాడు. అమీరున్నీసా తలుపు చాటు నుంచి రెండుసార్లు చెప్పింది, నీళ్ళు చూపియ్యొద్దని.

"నల్లగ ఉంటె ఎవరు తింటరు భాబీ? జమానా మారింది. మెరిస్తెనే మనుషులొస్తరు."

కొన్నాళ్ళు మనుషులు వచ్చారు కూడా. వానలు మొదలయ్యాక తీగల మీది మెరుగు పొరలు పొరలుగా లేచింది. చల్లటి ముక్క పెట్టగానే తీగలు చల్లబడేవి, ముక్క అతుక్కుని సగం చిరిగి వచ్చేది. కొవ్వు, ఉప్పు కలిసి చిల్లులు పూడ్చాయి. ఒక పక్క నీలం మంట, ఒక పక్క పసుపు మంట. బొత్తాం టిక్కుమనడం మానేసింది. ఖాజా అగ్గిపెట్టె జేబులో వేసుకు తిరగసాగాడు. ఒక శుక్రవారం సాయంత్రం పేరుకున్న కొవ్వు అంటుకుని మంట భగ్గున లేచింది. అతని మోచేతి వెంట్రుకలు మాడాయి. సీకుల మీదున్నదంతా బొగ్గయింది.

అప్పుడు అక్కడ హన్మంతు ఉన్నాడు. గద్వాల బస్సు కండక్టరు. ఖాదర్ ఉన్ననాటి నుంచి డ్యూటీ దిగి కబాబు తినకుండా ఇంటికి పోయినవాడు కాదు.

"ఏంది ఖాజా భాయ్, గిది కబాబా, బస్సు సైలెన్సరా?"

"గాలికి మంట లేశింది."

"గాలి మీ అన్న ఉన్నప్పుడు గూడ ఉండె."

ఖాజా మాడిన సీకులు పక్కకు తీశాడు. ఆ రాత్రి గడపలో కూర్చుని మోచేతికి కొబ్బరినూనె రాసుకుంటూ అన్నాడు, "కర్నూల్‌ల నాలుగు మంటలది దొరుకుతదంట భాబీ. దసరా ముంగట తెస్త."

"ఇది ఒక్క వానకాలం ఆగలె. అది గూడ దీని చెల్లెలే."

"మరేం జెయ్యమంటవ్?"

"పాతదే తెస్త."

"ఎవరు తెస్తరు?"

"నేను."

ఖాజా నూనె సీసా మూత బిగించాడు. "తుక్కు ఇనుము కింద ఇచ్చినం భాబీ. ఇంతల కరగవెట్టి ఉంటరు."

"కరగవెడితె ఆ మాట విని వస్త."

అతనికి కోపం వచ్చింది. అన్న పోయినప్పటి నుంచి ఇంటి బరువు మోస్తున్నది తనని, ఒక్కరూ ఆ మాట అనడం లేదని అతని బాధ. "సరె. పాతది తెస్తె బండి నువ్వే నడుపుకో. నేను అడ్డం రాను. తేకపోతె కొత్తది వస్తది, నువ్వు ఇంట్ల కూసో. నీ తిండికి లోటు చెయ్య."

"తిండి సంగతి ఎవరడిగిండ్రు?" అంది అమీరున్నీసా.

మర్నాడు ఆమె బురఖా వేసుకుని బస్టాండుకు వెళ్ళింది. ఖాజా తుక్కు ఇచ్చిన మనిషి ఎక్కడుంటాడో కండక్టరుకు తెలుస్తుందేమోనని. హన్మంతు టికెట్ల పెట్టె సర్దుకుంటూ విన్నాడు.

"తుక్కాయన ఎందుకు బీబీ? ఆయన అమ్మితె అది నా బస్సు టాప్ మీదనే పోయింది. గద్వాలల పట్టుకు రంగు అద్దే కమలమ్మ ఇంటికాడ దించిండ్రు. నలుగురు పట్టుకుంటె గని దిగలె."

"ఇన్ని దినాలు చెప్పకపోతివి."

"ఎవరన్న అడిగితె గద చెప్పుడు. కూసో, బస్సు కదులుతది."

బీచుపల్లి వంతెన మీద బస్సులో వాళ్ళంతా కిటికీల్లోంచి కృష్ణలోకి చిల్లర విసిరి దండం పెట్టుకున్నారు. నది ఎర్రగా, నిండుగా పోతోంది. అమీరున్నీసా చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. ఎవరినీ ఏదీ అడగదలచుకోలేదు.

కమల ఇంటి వెనక పెరట్లో తాళ్ళ మీద పట్టునూలు కట్టలు ఎర్రగా వేలాడుతున్నాయి. గద్వాల చీరల అంచులకు, కొంగులకు పోయే నూలు. నడుమ సిగిడి. దాని మీద రాగి గంగాళం. మోచేతుల దాకా రంగు పట్టిన మనిషి కర్రతో నూలు తిప్పుతోంది.

"ఎవరు గావాలె?" అంది కమల.

"ఆ సిగిడి గావాలె."

కమల ఆమెను కింది నుంచి పైకి చూసింది. "మనుషుల కోసం వస్తరు గని, పొయ్యి కోసం వస్తరా అక్కా?"

"అది మాది. నేను బయటికి రాని దినాలల్ల అమ్మిండ్రు. ఆయన పోతె ఇద్దత్‌ల ఉంటి."

కర్ర ఒక చుట్టు ఆగి మళ్ళీ తిరిగింది. "పోయిండంటె కష్టమే. గని మేం ఇనుము కొన్నం అక్కా. నీ మొగుణ్ణి కొనలె."

"దొంగలని అనలె. అడుక్కోనీకె గూడ రాలె. సూడనీకె వచ్చిన. సూసినంక మాట్లాడుత."

"సూడు మరి. చూపుకు పైసలడగ."

అమీరున్నీసా ముసుగు వెనక్కి వేసి వంగింది. పట్టాలు లేవు. గొట్టాల మీది కప్పులు లేవు. మూడో గొట్టం మూతికి గుడ్డ కుక్కి ఉంది. గంగాళంలోంచి పొంగిన రంగునీళ్ళు డొక్క అంచున చారలు కట్టాయి. ఆ చారల కింద వేలు పెట్టి రాస్తే తుప్పు పొడి రాలింది. ఇన్నేళ్ళలో ఆ ఇనుము మీద ఆమె తుప్పు చూడలేదు.

"కప్పులు ఏవి?"

"మంట గంగాళానికి తగలనిస్తలేవని తీసి గోడకానిచ్చిన. పట్టాలు గా బండ కాడున్నయి, పిండిన కట్టల మీద బరువు వెడత. మూడో గొట్టం నాకు పనికి రాదు. గంగాళం గుండ్రం, అది అంచుకు ఉట్టిగనే మండుతది."

"ఇంతకు ముందు ఏం పొయ్యి ఉండె నీకు?"

"స్టీల్‌దే. దాని కథ చెప్పకు." కమల కర్ర పక్కన పెట్టింది. ఎన్నాళ్ళుగానో ఎవరితోనో చెప్పాలనుకున్న మాటే అయి ఉండాలి. "గాలి వస్తె ఒక తీరు, రాకుంటె ఒక తీరు. ఒకటే కట్ట సగం నెత్తురు లెక్క, సగం మోదుగుపువ్వు లెక్క దిగేది. మగ్గం మీద అంచు నేసినంక తేడా తెలిస్తె ఆ చీర మా మొహానే కొట్టేటోళ్ళు. గిది వచ్చినంక ఒక్కటే రంగు. దించినంక గూడ గంట సేపు వేడి వట్టుకొని ఉంటది. గిది చేసినాయనకు దండం వెట్టాలె."

ఆ మాట ఖాదర్ వింటే బాగుండేది. అమీరున్నీసా వేలికంటిన తుప్పు దులుపుకుంది.

"మా ఇంట్ల చక్రాల స్టీల్‌ది ఉన్నది. అది తీస్కొని ఇది ఇస్తవా?"

కమల పకపకా నవ్వింది. "నీకు వద్దన్నది నా నెత్తి మీద వెడతవా? మంచిదానివే."

అమీరున్నీసాకు కూడా నవ్వొచ్చింది. ఎన్నో నెలల తర్వాత వచ్చిన నవ్వు. అది పోయేదాకా ఆగి చెప్పింది, "ఇయ్యకు. నీ పని నీకున్నది. గని ఈ తీరుగ నీళ్ళు తాపితె రెండు వానకాలాలు ఆగదు. చూడు, ఇప్పుడే తింటున్నది."

కమల వంగి తుప్పు చూసింది. మొహంలో నవ్వు పోయింది. "ఏం జెయ్యాలె?"

"చెప్త. నాకు పట్టాలు, కప్పులు, ఆ గుడ్డ కుక్కిన గొట్టం గావాలె."

"ఇయ్యనంటె చెప్పకుంట పోతవా?"

అమీరున్నీసా సిగిడి వైపు చూసింది. "లేదు. నువ్వు దీన్ని ఖరాబు చేస్తుంటె నేను ఊరుకోలేను. ఎట్లైన చెప్పే పోత. ఇచ్చుడు ఇయ్యకపోవుడు నీ ఇష్టం."

"గట్ల బేరం ఆడుతరా ఎవరన్న," అని గొణుక్కుంటూ కమల పాత పట్టకారు, బోల్టులు విప్పే పానా తెచ్చింది. గొట్టం బోల్టు తుప్పుకు బిగుసుకుపోయి ఉంది. ఒకరు పట్టుకుంటే ఒకరు రాయితో కొట్టారు. అది ఊడేలోగా అమీరున్నీసా అన్నీ చెప్పింది. పొంగితే వెంటనే పొడి గుడ్డతో తుడవాలని, పని కాగానే మంట కాసేపు ఉంచాలని, వేడి ఇనుము మీదే చర్బీ రుద్దాలని.

"చర్బీ మా ఇంట్ల ముట్టరు."

"ఆముదం రాయి. చల్లారినంక కాదు, చుర్రుమన్నప్పుడే."

రెండు గొట్టాలు, డొక్క గద్వాలలో ఉండిపోయాయి. పట్టాలు, కప్పులు, ఒక గొట్టం గోనెసంచుల్లో తిరుగు బస్సెక్కాయి. సంచులు పైకెక్కించేటప్పుడు కమల ఒక చెయ్యి వేసింది. నల్లటి బురఖా భుజం మీద ఆమె వేళ్ళు ఎర్రగా అంటుకున్నాయి.

గోపాల్‌పేటలో వీరయ్యకు చూపు తగ్గింది కాని పట్టాలు చేతికి తగలగానే గుర్తుపట్టాడు. ఖాదర్ పోయిన సంగతి ఆయనకు తెలుసు. కొలిమిలో గాలి గట్టిగా కొట్టాడు.

"డొక్క చేస్త బిడ్డా. గొట్టాలు నా తోని కావు. అవి బీడువి, పోత పోసినయి. మీ ఆయన యాడనో గిర్నీల ఏరి తెచ్చిండు. ఒక్కటే ఉన్నది గద, ఒక్కదానికి సరిపోను చిన్నగ చేస్త."

"మూడిటికి చెయ్యి తాతా."

"రెండు జాగలు వెల్తిగుంటయి."

"ఉండనియ్యి."

వీరయ్య తలూపాడు. "ఇంగొకటి. ఆ పాతదాని కాలొకటి నేనే పొట్టిగ కోసిన. గీసినప్పుడల్ల కీచుమనేది. మీ ఆయన సరిజెయ్యనియ్యలె, చప్పుడు రానీ అన్నడు. ఇప్పుడెట్ల కొయ్యాలె?"

"సమంగ కొయ్యి," అంది అమీరున్నీసా. "నాకు ఆ చప్పుడు వద్దు."

కొత్త డొక్క, పాత పట్టాలు ఇంటికి చేరిన రోజు సాయంత్రం ఆమె సిగిడిని ఖాదర్ నిలబడే చోటే పెట్టించింది. స్టీలుదాన్ని అరుగు వెనక్కి నెట్టించింది. ముసుగు పైకెత్తి, అగ్గిపుల్ల గీసి నడిమి గొట్టం అంటించింది. బజారులో పోయేవాళ్ళు ఆగి చూశారు. కొందరు చూడనట్టు పోతూ చూశారు.

ఖాజా మియా వచ్చి చుట్టూ తిరిగాడు. "గిది పాతది కాదు భాబీ. సగమే."

"నువ్వు మొత్తం ఇచ్చినవ్. నేను సగం తెచ్చిన. నీకన్న నేనే ముంగట ఉన్న."

"మన ఆడోళ్ళు బజార్ల నిలబడలేదు ఎన్నడు. నలుగురేమంటరు?"

"నలుగురికి ఆకలైతె వస్తరు."

"అన్న ఉంటె ఒప్పుకునెటోడా?"

చాలా నెలల కింద పరదా అవతలి నుంచి వచ్చిన మాట ఆమెకు గుర్తుంది. అదే మాట తిప్పి ఇచ్చింది, గొంతు పెంచకుండా. "అన్న లేడు గద ఖాజా. ఇంకెవర్ని అడగాలె?"

ఖాజా తల దించుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి, గుచ్చాల్సిన సీకుల పళ్ళెం తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. కూర్చోలేదు, వెళ్ళిపోనూ లేదు.

మొదట వచ్చింది హన్మంతు, ఇంకా డ్యూటీ దిగకుండానే, బస్సు నిలిపి. చాలాసేపు నిలబడ్డాడు. ఒక్క మంట కాబట్టి పట్టాలు నడిమిలోనే కాగాయి. పక్కల ముక్కలు పచ్చిగా ఉన్నాయి. ఆమె సీకులు లోపలికి, బయటికి జరుపుతూ వంతులవారీగా కాల్చింది. చెమట కారుతున్నా తుడుచుకోలేదు.

"జర్ర టైం పడ్తది," అంది.

"నా బస్సు?"

"నువ్వు విజిల్ కొట్టంది పోదు గద."

"పోదు గని, లోపల కూసున్నోళ్ళు నన్ను తిడుతరు," అన్నాడు హన్మంతు. అయినా కదల్లేదు. ఆమె ఇచ్చిన ముక్క ఊదుకుని నోట్లో వేసుకున్నాడు. ఇంకో సీకు చూపించాడు.

దీపాలు పెట్టే వేళకు ఖీమా అయిపోయింది. ఖాజా అలవాటుగా బకెట్టుతో బోరు నీళ్ళు తెచ్చాడు. అమీరున్నీసా అతన్ని చూసింది. అతను ఆ నీళ్ళు రోడ్డు మీద దుమ్ము అణగడానికి చల్లి, ఖాళీ బకెట్టు బోర్లించాడు. ఆమె మంట కాసేపు అలాగే ఉంచి, బురుసుతో దులిపి, పట్టకారుతో చర్బీ ముక్క పట్టుకుని బండికట్ల ఇనుము మీద ఈ చివరి నుంచి ఆ చివరికి రుద్దింది. చుర్రుమంది.

మిగతా రెండు గొట్టాలకు తగిన బీడు ఇనుము ఇంకా దొరకలేదు. సిగిడిలో కుడిపక్క, ఎడమపక్క జాగాలు ఖాళీగానే ఉన్నాయి.